విద్యుత్తీగ తొడుగు కథ

విద్యుత్తును మోసేది రాగితీగ. మనలను కాపాడేది దానిపై తొడుగు. 1847 లో జర్మనీలో వెర్నర్ సీమెన్స్ టెలిగ్రాఫు తీగలకు గట్టాపెర్చా అనే చెట్టుపాల పదార్థాన్ని అతుకు లేకుండా తొడిగే యంత్రం నిర్మించాడు. అది వేడికి మెత్తబడేది. గంధకం కలిపి కాచిన రబ్బరు వేడికి నిలిచింది. దీనికి 1844 లోనే అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ పేటెంటు పొందాడు. అయితే గంధకం రాగిని తినివేయడం వల్ల తీగకు తగరపు పూత అవసరమయింది. పైగా ఏళ్లు గడిస్తే ఆ రబ్బరూ గట్టిపడి బీటలు వారుతుంది.

1926 లో అమెరికాలోనే వాల్డో సీమన్ పి.వి.సి.ని మెత్తపరచే విధానం కనుగొన్నాడు. అదీ వేడికి కరుగుతుంది; అందుకే ఇస్త్రీపెట్టె వైరుకు తరచు నూలు అల్లిక ఉంటుంది.

కనుక వైరు తొడుగు చిట్లితే ముందు ప్లగ్గు ఊడదీయండి. టేపు చుట్టి సరిపెట్టుకోక, అదే రకం, అదే మందం గల కొత్త వైరు మొత్తంగా వేయించండి. అందులోని ఆకుపచ్చ తీగ ఎర్తుది. దానిని ప్లగ్గులోని పొడుగాటి పిన్నుకే కలపాలి.