కరువుసీమ పసివాడూ, బొమ్మల పుస్తకమూ

మన బాలసాహిత్య చరిత్ర అనగానే నీతికథలూ గేయాలూ గుర్తుకు వస్తాయి. అక్షరం రాని పసివాడికి భయాన్నీ, అలకనూ, స్నేహాన్నీ బొమ్మలో చూపించే పుస్తకం మనకు ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. ఈ ప్రశ్నకు కడప జిల్లాతో సంబంధం ఉంది.

1947 జూలైలో మద్రాసులో చక్రపాణితో కలిసి 'చందమామ'ను ప్రారంభించిన బి. నాగిరెడ్డి కడప జిల్లా మనిషి. 1952 నుంచి 1980 దాకా దాన్ని తీర్చిదిద్దినవాడు కొడవటిగంటి కుటుంబరావు. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్యల బొమ్మలు కొన్ని తరాల పిల్లల కళ్లకు చదువు చెప్పాయి. ఇది సామాన్యమైన సేవ కాదు. అయితే అక్కడ బొమ్మ కథను అనుసరించేదేగాని తానే కథ చెప్పేది కాదు. పాత్రలు ఎక్కువగా రాజులూ, వర్తకులూ. తోటివాడి బలపం లాక్కుని, మళ్లీ వాడితో ఎలా మాట కలపాలో తెలియక నిలబడ్డ ఐదేళ్లవాడికి ఆ పేజీల్లో చోటు తక్కువ. కోపానికి శిక్ష ఉంది. అది ఎందుకొచ్చిందన్న విచారణ అరుదు.

ఆ విచారణ సోవియట్ పుస్తకాలతో వచ్చింది. మాస్కోలో అచ్చయి, విశాలాంధ్ర దుకాణాల్లో కారుచౌకగా దొరికిన పుస్తకాలవి. గైదార్ 1939లో రాసిన 'చుక్-గెక్' కథనే తీసుకోండి. తండ్రి దూరాన తైగాలో పనిచేస్తుంటాడు. అన్నదమ్ముల కొట్లాటలో, ఆయన పంపిన టెలిగ్రాం ఉన్న రేకుడబ్బా కిటికీలోంచి మంచులో పడుతుంది. అడిగితే తప్ప ఆ సంగతి అమ్మకు చెప్పకూడదని ఇద్దరూ ఒప్పందానికి వస్తారు. రచయిత వాళ్లను మందలించడు. దాచినదాని బరువు ఎట్లా ఉంటుందో మాత్రం చూపిస్తాడు. సుతయేవ్ బొమ్మల కథలో వానకు తడుస్తూ చీమ, సీతాకోకచిలుక, ఎలుక, పిచ్చుక ఒకే పుట్టగొడుగు కింద సర్దుకుంటాయి. జరిగి చోటివ్వడమంటే ఏమిటో చదువు రాని పిల్లకు బొమ్మే చెబుతుంది.

కడప నుంచి 'సంవేదన' నడిపిన రాచమల్లు రామచంద్రారెడ్డి 1970లలో మాస్కోలో అనువాదకుడిగా పనిచేశాడు. ఆయన 'అనువాద సమస్యలు'కు 1988లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అనువాదం తెలుగులా ఉండాలన్న పట్టింపు పసివాడి పుస్తకానికి మరీ అవసరం. 'మిత్రుడు' వాడికి పాఠంలో మాట. 'జతగాడు' వీధిలో మనిషి.

1991లో సోవియట్ యూనియన్‌తో పాటు ఆ ప్రవాహమూ ఆగింది. వాటిలో కొన్నింటిని సికింద్రాబాదులోని 'మంచి పుస్తకం' మళ్లీ అచ్చువేసింది. కొత్త ప్రచురణకర్తల బొమ్మల పుస్తకాలూ వస్తున్నాయి. కోపమొస్తే పది లెక్కపెట్టు, క్షమాపణ చెప్పు అనే పుస్తకాలు కూడా వాటిలో ఉన్నాయి. మంచిదే. కాని కోసిగి, ఆదోని, పత్తికొండ పల్లెలనుంచి పంట పోయిన ఏడు కుటుంబాలు గుంటూరు మిరపచేలకు వలసపోతాయి. పిల్లలు కొందరు వెంట పోతారు, కొందరు అవ్వ దగ్గర మిగులుతారు. నిన్నటిదాకా పక్కన కూర్చున్న జతగాడు ఇవాళ బడికి రాడు. చుక్, గెక్‌ల తండ్రిది జీతమున్న ఉద్యోగం. వీళ్ల నాయనది రోజుకూలి. ఈ పిల్లవాడి కోపం పది లెక్కపెడితే తీరేది కాదు. అలాగని వాడి నోట నినాదం పెట్టమని నేననడం లేదు. మనలో కొందరు చేసిన పనే అది. తాళం వేసిన ఇంటి అరుగుమీద ఒంటరిగా కూర్చున్నవాణ్ణి చిత్రకారుడు ముందు గీయాలి. మన మాటలు ఆ తర్వాత.