పట్టు చరిత్రలో పురుగు వాటా

చిత్తూరు జిల్లా పడమటి కొసన, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులకు దగ్గరగా ఉన్న రామకుప్పం, కుప్పం, శాంతిపురం మండలాల్లో మల్బరీ తోట, దాని పక్కనే పట్టుపురుగుల షెడ్డు అందరూ ఎరిగిన దృశ్యమే. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె దాకా ఇదే వరస. ఈ వృత్తి ఇక్కడికెలా వచ్చిందంటే చాలామంది చెప్పే కథ రాజుతో మొదలవుతుంది. 18వ శతాబ్దం చివర టిప్పు సుల్తాన్ బెంగాల్ నుంచి పురుగులను తెప్పించి మైసూరు రాజ్యంలో పెంపకం పెట్టించాడు, అది మెల్లగా సరిహద్దు దాటి ఇటు పాకింది. ఆ మాటలో నిజం ఉంది. అయితే రాజులు తెప్పించినవన్నీ నేలకు పట్టవు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయింది, ఆజ్ఞ ఇచ్చిన రాజు పోయాడు, పట్టు మాత్రం మిగిలింది. మిగలడానికి ముఖ్య కారణం ఈ ఎండకు ఓర్చుకున్న పురుగేనని నా వాదన.

పురుగు ఒంటి తీరు మనుషుల బతుకును నిలబెట్టడం ఇక్కడొక్కచోటే జరిగింది కాదు. కాలిఫోర్నియాలోని మోనో సరస్సు సముద్రాన్ని మించిన ఉప్పు, క్షారం. అందులో చేప బతకదు గానీ ఒక ఈగ పిల్లపురుగులు కోట్లలో బతుకుతాయి. నీటితో పాటు ఒంట్లోకి చేరే కార్బొనేట్లను అవి తమ విసర్జక నాళాల్లో సున్నంగా మార్చి దాచుకుంటాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆ ఈగ ప్యూపాలను పైయూట్ ఆదివాసులు ఎండబెట్టి ఆహారంగా వాడుకునేవారు, ఇరుగుపొరుగు తెగలకు మారకం వేసేవారు. మన పట్టుపురుగుకు ఆ ఈగలా తనంతట తాను బతికే స్వేచ్ఛ లేదు. వేల ఏళ్లుగా మనిషి చేతుల్లో పెరిగి, రెక్కలున్నా ఎగరలేని స్థితికి వచ్చింది. అయినా దాని జాతుల్లో వాతావరణం వేసిన ముద్ర పోలేదు. చలిదేశాల జాతులు ఏడాదికి ఒకటి రెండు తరాలే ఇస్తాయి. చలికాలం దాటేందుకు వాటి గుడ్లు నిద్రపోతాయి. తల్లి తాను గుడ్డులో ఉన్నప్పుడు పొందిన వెచ్చదనం, వెలుతురును బట్టి ఆ నిద్ర నిర్ణయమవుతుంది. మన దగ్గర స్థిరపడిన ప్యూర్ మైసూర్ జాతికి ఆ నిద్రే లేదు. పెట్టిన పది రోజులకు గుడ్డు పగులుతుంది, ఏడాదికి ఐదారు పంటలు వస్తాయి. గూడు చిన్నది, దారం 400 మీటర్లకు అటూ ఇటూ. దిగుబడి తక్కువైనా వేడిని, రోగాన్ని, నాసిరకం ఆకును తట్టుకుంటుంది.

మైసూరులో 1920ల నుంచి జరిగిన సంకరం ఈ వాదనకు బలమైన సాక్ష్యం. మంచి దారమే లక్ష్యమైతే విదేశీ జాతులనే నేరుగా రైతుకు ఇచ్చి ఉండవచ్చు. అలా చేయలేదు. ప్యూర్ మైసూర్ ఆడ చిలుకను విదేశీ మగ చిలుకతో కలిపి, ఆ మొదటి తరం గుడ్లను పంచారు. తండ్రి నుంచి దారం, తల్లి నుంచి ఓర్పు. రైతులు సి.బి. అని పిలిచే పచ్చ గూళ్లు ఆ సంకరానివే. దశాబ్దాల పాటు ఇటువైపు పంట అంతా వాటి మీదే నడిచింది.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది. పురుగు కాదు, సంత ముఖ్యం అంటారు. కర్ణాటకలో గూళ్ల నుంచి దారం తీసే రీలర్లున్నారు, ధర్మవరంలో మగ్గాలున్నాయి, డబ్బు తిరిగే చోటికి వృత్తి వస్తుంది. సంత లేకపోతే ఎవరూ పెంచరన్నది ఒప్పుకోవలసిందే. కానీ అదే సంత చిత్తూరు తూర్పు పల్లాలకూ దూరం కాదు. అయినా పట్టు ప్రధానంగా సముద్రమట్టానికి 600 మీటర్లు దాటిన పడమటి మెట్ట మీదే కుదురుకుంది. సంత పిలిచినా, ఇంత ఓర్పున్న పురుగు కూడా నిలవగలిగింది కాస్త చల్లటి గాలి ఉన్న చోటే.

రెండో ఆక్షేపణ ఇంకా గట్టిది. 1991లో జపాన్ సహకారంతో మైసూరు పట్టు పరిశోధన సంస్థ మొదలుపెట్టిన కృషి వల్ల బైవోల్టిన్, అంటే ఏడాదికి రెండు తరాలిచ్చే చలిదేశపు జాతుల, సంకరాలు వచ్చాయి. 1,000 మీటర్లకు చేరే దారమున్న తెల్ల గూళ్లను రైతులు ఇక్కడే పండిస్తున్నారు. చలిదేశపు పురుగు బతుకుతున్నప్పుడు ఓర్పు ప్రసక్తి ఎందుకు? జవాబు షెడ్డులోనే ఉంది. చాకీ పురుగులను, అంటే లేత దశ పిల్లలను, విడి కేంద్రంలో పెంచి ఇవ్వడం, నాలుగో జ్వరం (పొర విడిచే దశ) దాటాక 25 డిగ్రీలకు దగ్గరగా వేడిని ఉంచడం, తడి గోనెలు, సున్నం, బ్లీచింగ్, కిటికీలకు వలలు, వీటిలో చాలావరకు పాత పురుగు తన ఒంటితో చేసిన పనిని మనిషి డబ్బుతో, చాకిరీతో చేయడమే. ఆ వలలకూ చరిత్ర ఉంది. 1980లో పశ్చిమ బెంగాల్ గూళ్లతో, పట్టుపురుగును చంపే ఊజీ ఈగ కర్ణాటకలోకి దిగి చుట్టుపక్కల రాష్ట్రాలకు పాకాక, ఓర్పుగల సంకరానికి కూడా కాపలా తప్పలేదు. పురుగు ఓర్పుకూ హద్దుందని ఆ ఈగ తేల్చింది.

కాబట్టి ఓర్పు అవసరం తీరలేదు, దాని బరువు పురుగు మీద నుంచి రైతు మీదికి మారింది. గూడు ధర పలికినప్పుడు ఆ బరువు తెలియదు, పడిపోయినప్పుడు షెడ్డు అప్పు మిగులుతుంది. ప్యూర్ మైసూర్ విత్తనాన్ని పాత జ్ఞాపకంగా కాక, ఎండలు ముదిరితే మళ్లీ చేయి చాచవలసిన ఆస్తిగా కాపాడుకోవాలనడానికి ఈ లెక్క ఒక్కటే చాలు.