డ్రమ్ముల పీట మీది నుంచి

1952 ఆగస్టు 13. లాస్ ఏంజిలస్ స్టూడియోలో బిగ్ మామా థోర్న్‌టన్ ‘హౌండ్ డాగ్’ పాడుతోంది. గొంతు అదిరిపోతోంది కానీ రిహార్సల్‌లో వచ్చిన ఊపు మాత్రం రావడం లేదు. పాట రాసిన జెర్రీ లీబర్, మైక్ స్టోలర్‌లకు అప్పటికి పందొమ్మిదేళ్లే. అయినా లోపం ఎక్కడుందో పట్టేశారు. రిహార్సల్‌లో డ్రమ్ములు వాయించిన మనిషి ఇప్పుడు అద్దాల గదిలో నిలబడి రికార్డింగ్ చూసుకుంటున్నాడు. మీరే వాయించాలని పట్టుబట్టారు. ఆయన వచ్చి కూర్చుని, స్నేర్ డ్రమ్ము అడుగు తీగల్ని వదిలేసి, అడవి డోలులా మోగించాడు. మరుసటి ఏడాది ఆ రికార్డు ఏడు వారాలు రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో మొదటి స్థానంలో ఉంది.

ఆయనే జానీ ఓటిస్.

అసలు పేరు ఇయోనిస్ వెలియోటిస్. గ్రీసు నుంచి వలస వచ్చిన దంపతుల కొడుకు. 1921లో కాలిఫోర్నియాలోని వల్లెహోలో పుట్టాడు. తండ్రి బర్క్‌లీలో నల్లజాతి వాళ్ల పేటలో కిరాణా కొట్టు నడిపేవాడు. పిల్లవాడికి ఆ పేటే లోకమైంది. అక్కడి చర్చి పాట, అక్కడి తిండి, అక్కడి స్నేహాలు. పెద్దయ్యాక తాను నల్లవాళ్లలో ఒకణ్నని తేల్చుకున్నాడు, చివరిదాకా ఆ మాట మీదే ఉన్నాడు. మొదటి డ్రమ్ సెట్టు అప్పు మీద కొన్నాడు, అదీ కాగితం మీద తండ్రి సంతకం తనే గీకేసి!

ఓక్లాండ్‌లో కౌంట్ ఓటిస్ మాథ్యూస్ బృందంలో చేతులు తిరిగాయి. కౌంట్ బేసీ బ్యాండులో జో జోన్స్ వాయింపు విని మనసు పారేసుకున్నాడు. యుద్ధకాలంలో లాస్ ఏంజిలస్ సెంట్రల్ అవెన్యూకు చేరి, క్లబ్ అలబామ్‌లో హార్లన్ లియొనార్డ్ బ్యాండుకు డ్రమ్మరయ్యాడు. 1945లో సొంతంగా పెద్ద బ్యాండు కట్టాడు. ఆ ఏడాదే ‘హార్లెమ్ నాక్టర్న్’ రికార్డు చేశాడు. ఎర్ల్ హేగెన్ రాసిన ఆ బాణీని, రెనే బ్లాక్ ఆల్టో శాక్సఫోన్ ముందుండగా, నింపాదిగా, కాస్త కొంటెగా నడిపించాడు. ఓటిస్ పేరు దేశమంతా వినపడింది దానితోనే.

పేరొచ్చింది గానీ కాలం కలిసిరాలేదు. యుద్ధం ముగిశాక డాన్సు హాళ్లు పలచబడ్డాయి. పదిహేను, పదహారు మందిని బస్సులో తిప్పి, తిండి పెట్టి, జీతాలిచ్చే లెక్క కుదరలేదు. దేశంలో ఎన్నో పెద్ద బ్యాండులు మూతబడ్డాయి. ఓటిస్ మూయలేదు, కుదించాడు. రెండు మూడు శాక్సఫోన్లు, ఒక ట్రంపెట్, ఒక ట్రోంబోన్, కింద పియానో, బాస్, డ్రమ్స్. వాటి మీద పీట్ లూయిస్ గిటారు కరకరలాడుతూ తేలేది. జాజ్ పొంకం, బ్లూస్ పచ్చిదనం ఒకే చోట చేరాయి. రిథమ్ అండ్ బ్లూస్ అని జనం పిలిచిన సంగీతం పుట్టుకలో కళాకారుల ఊహకు ఎంత వాటా ఉందో, జీతాల పట్టీకీ అంత వాటా ఉందనిపిస్తుంది.

1940ల చివర్లో వాట్స్ ప్రాంతంలో ఆయన తెరిచిన బారెల్‌హౌస్ క్లబ్‌లో భాగస్వామి బర్డు అలీ. బెంగాల్ నుంచి న్యూ ఆర్లీన్స్ వెళ్లిన ఓ ముస్లిం వ్యాపారి కొడుకు ఈయన. అంతకుముందు న్యూయార్క్‌లో చిక్ వెబ్ బ్యాండు ముందు నిలబడి కర్ర తిప్పేవాడు. వెబ్ కూడా డ్రమ్మరే. వెనక కూర్చుని వాయించే నాయకుడికి జనం ముందు నిలబడే మనిషి కావాలి కదా. ఓటిస్‌కు ఆ అవసరం పడలేదు. వైబ్రఫోన్ పట్టుకుని తనే ముందుకొచ్చాడు, మాటలతో సభను ఆడించాడు.

ఇంతకీ ఆయన చేతికన్నా చెవి గొప్పది. బారెల్‌హౌస్ ప్రతిభ పోటీలో పాడిన పదమూడేళ్ల పిల్లను ‘లిటిల్ ఎస్తర్’ పేరుతో పరిచయం చేశాడు. ఆమె ‘డబుల్ క్రాసింగ్ బ్లూస్’ 1950లో మొదటి స్థానానికి చేరింది. 1951లో డెట్రాయిట్ పారడైజ్ థియేటర్ పోటీలో ఒకే సాయంత్రం జాకీ విల్సన్, లిటిల్ విల్లీ జాన్, రాయల్స్ బృందం ఆయన కంటపడ్డారు. ముగ్గురి గురించీ కింగ్ రికార్డ్స్‌కు చెబితే, ఆ కంపెనీ రాయల్స్‌ను మాత్రమే తీసుకుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో దొరికిన జేమ్‌సెటా హాకిన్స్ అనే అమ్మాయి పేరును అటుదిటు చేసి ‘ఎటా జేమ్స్’ అన్నదీ ఆయనే.

మెచ్చుకోలేని సంగతీ ఒకటుంది. పాటల మీద రచయితగా తన పేరు చేర్చుకోవడానికి ఆయన మొహమాటపడలేదు. ‘హౌండ్ డాగ్’ మొదటి రికార్డు మీదా ఆ పేరుంది. 1956లో ఎల్విస్ ప్రెస్లీ ఆ పాటను ఊరూవాడా మోగించాక వ్యవహారం కోర్టుకెక్కింది. తీర్పు ఓటిస్‌కు వ్యతిరేకంగా వచ్చింది. వాయింపుకు ఎవరూ వంక పెట్టలేదు.

1958లో ‘విల్లీ అండ్ ద హ్యాండ్ జైవ్’ పాప్ జాబితాలో తొమ్మిదో స్థానం దాకా వెళ్లింది. టీవీలో షో, రేడియోలో కబుర్లు, ఎల్ మాంటె స్టేడియంలో నల్ల, తెల్ల, మెక్సికన్ పిల్లలు కలిసి ఆడే డాన్సులు. 1965 అల్లర్లలో వాట్స్ తగలబడ్డాక ‘లిసెన్ టు ద లాంబ్స్’ పుస్తకం రాశాడు. 1970 మాంటెరే జాజ్ ఉత్సవానికి మాత్రం పాతవాళ్లను వెతికి తెచ్చాడు. లిటిల్ ఎస్తర్, రాయ్ బ్రౌన్, బిగ్ జో టర్నర్, తనలాగే డ్రమ్ముల మీద నుంచి బ్యాండు నడిపిన రాయ్ మిల్టన్. గిటారు మీద పదహారేళ్ల కొడుకు షుగీ. ఆ కచేరీని ఎపిక్ కంపెనీ రికార్డుగా విడుదల చేసింది.