విడిచిపోవు హక్కు, నిలిచియుండు హక్కు

అరకులోయ చుట్టునుగల కొండపల్లెలలో ఆదివాసుల వివాహము మైదానపు పెండ్లివలె కట్నముతో ఆరంభము కాదు. వరుని పక్షమువారే వధువు తండ్రికి ఓలి చెల్లింతురు. భర్త త్రాగివచ్చి కొట్టుచున్నాడని భార్య పుట్టినింటికి పోయినచో, కులపెద్దలు కూర్చుండి, ఎవరి తప్పెంతయో విచారించి, ఓలి సొమ్మును ఆమె తండ్రిచేత గాని, ఆమెను మనువాడ వచ్చినవానిచేత గాని మొదటి భర్తకు ఇప్పించి, ఆ బంధమును త్రెంచివేయుదురు. ఆమె మారుమనువును ఎవరును కళంకముగా నెంచరు. మైదానపు అగ్రవర్ణ స్త్రీకి 20వ శతాబ్ది నడిమివరకు చట్టము ఒసగని విడాకులను ఈ కొండలు ఏనాడో ఒసగినవని తలచినప్పుడు, వీని ఆచారములను అనాగరికములన్నవారి మాట ఎంత తొందరపాటో తెలియగలదు.

అయినను ఆ న్యాయమునందొక వెలితి కలదు. సొమ్ము పురుషుని చేతినుండి పురుషుని చేతికి మారును. దెబ్బలు తిన్న ఆమెకు దక్కునదేమియు లేదు. తాను కలుపు తీసిన పోడును, తాను అలికిన ఇంటిని వదలిపోవు స్వేచ్ఛయే గాని, అచ్చటనే దెబ్బలులేక బ్రతుకు హక్కు ఆమెకు లేదు.

ఆ హక్కును కాగితముపై ఇచ్చినది 2005 నాటి గృహహింస నిరోధక చట్టము. అంతకుముందు చట్టము ఆమెకు దూరముగానే ఉండెను. 1839లోనే ఆంగ్ల ప్రభుత్వము విశాఖ మన్యమును సాధారణ న్యాయస్థానముల పరిధినుండి తప్పించెను. 1955 నాటి హిందూ వివాహ చట్టము, కేంద్రము ప్రత్యేకముగా ప్రకటించిననే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తింపదు. 1983లో భారత శిక్షాస్మృతిలో చేరి, 2024లో భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షనుగా మారిన 498-ఏ సెక్షను భర్తను శిక్షించునే గాని భార్యకు నీడ చూపదు. 2006 అక్టోబరు 26న అమలులోనికి వచ్చిన కొత్త చట్టమో, పెండ్లితంతు జరుగకున్నను వివాహమువంటి సహజీవనమును గుర్తించి, కాపురమున్న ఇంట నివసించు హక్కును, రక్షణ ఉత్తర్వును, భరణమును కల్పించినది. ముందు కలిసి బ్రతికి, సొమ్ము చేకూరిన పిదప ఓలి చెల్లించుకొను జంటలున్న సీమలో ఇది చిన్న విషయము కాదు.

498-ఏ దుర్వినియోగమగుచున్నదని 2014లో సుప్రీంకోర్టు అరెస్టులకు కళ్లెము వేసెను. 2017లో ఫిర్యాదులను కుటుంబ సంక్షేమ సంఘములు ముందుగా పరిశీలింపవలెననెను. 2018లో ఆ సంఘములను తానే రద్దుచేసెను. ఈ వాదమంతయు ఫిర్యాదు చేయగలవారిని గూర్చినది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, శారీరక లేక లైంగిక హింసకు గురియైన స్త్రీలలో 77 శాతముమంది సాయము కోరుట అటుంచి, ఎవరితోను చెప్పుకొననైన లేదు. నా దృష్టిలో అసలు చర్చ ఇచ్చట మొదలు కావలెను. మొదటి విచారణ 3 దినములలో, తీర్పు 60 దినములలో రావలెనని గృహహింస చట్టము ఆశించుచున్నది. కాని 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడువరకు అరకు స్త్రీకి జిల్లాకేంద్రము నూరు కిలోమీటర్లకు పైబడిన విశాఖపట్నమే. కువి, ఆదివాసీ ఒరియా మాటలాడు తల్లి తన గోడును ఏ భాషలో వ్రాయించుకొనవలెను?

మద్యము మాట విడువరాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడినపుడు వారు పోరాడినది తమ ఇంటి దెబ్బలపైన కూడను. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లోనే సడలినది. అయినను షెడ్యూల్డు ప్రాంతములకు పంచాయతీలను విస్తరించిన 1996 నాటి పెసా చట్టము అచ్చటి గ్రామసభకు మత్తుపదార్థములను నిషేధించు అధికారము నిచ్చినది. అట్టి సభలో స్త్రీలు కూర్చుండి మాటలాడవలెను. ఓలి తగవు తీర్చు పెద్దలలోను వారుండవలెను. గృహహింస చట్టపు 4వ సెక్షను ప్రకారము, హింస జరిగినదని నమ్మినవారెవరైనను ఆ చట్టము క్రింద నియమితుడైన రక్షణాధికారికి తెలుపవచ్చును. సద్బుద్ధితో తెలిపినవారిపై ఏ బాధ్యతయు లేదు. పల్లెలోని ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచరుకు ఆ సంగతి వారి భాషలో చెప్పి, వారు పిలిచినప్పుడు మండలమునుండియే కదలివచ్చు అధికారిని నియమించు పని ఇంకను మిగిలియున్నది.