చాసీ ఒకరిది, బాడీ ఒకరిది

మిర్చి సీజనులో ఎనుమాముల మార్కెట్ యార్డు బయట వరసకట్టిన లారీలని కాసేపు నిలబడి చూడండి. కంపెనీ ఒకటే, మోడల్ ఒకటే అయినా ఏ రెండూ అచ్చం ఒకేలా ఉండవు. ఒకదాని తొట్టి పలకలు ఎత్తు, ఇంకోదానివి పొట్టి. ఒకదాని క్యాబిన్ నెత్తిన కిరీటం లాంటి చెక్కపని, ఇంకోదాని తలుపుల మీద నెమళ్ళు. రంగులు వేసినవాడి చేతివాటం ఒక్కటే ఈ తేడాకి కారణం కాదు. పాత పద్ధతిలో కంపెనీ అమ్మింది సగం లారీనే. రెండు పొడుగాటి ఇనప దూలాలు, వాటి మీద ఇంజను, గేర్‌బాక్సు, చక్రాలు, స్టీరింగు, ముందు ఒక రేకు ముఖం. అంతే. దీన్ని మనవాళ్ళు చాసీ అంటారు. తలుపుల్లేని, పైకప్పులేని ఆ అస్థిపంజరాన్ని తలకి తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు వందల కిలోమీటర్లు నడుపుకుంటూ తీసుకెళ్ళడం హైవేల మీద చాలామంది చూసే ఉంటారు. అది ఏ ఆటోనగర్‌లోనో ఆగుతుంది. అక్కడ వడ్రంగి, వెల్డరు, రేకుపని మేస్త్రీ, పెయింటరు కలిసి మిగతా సగం లారీని కడతారు.

ఇంగ్లండు, అమెరికాల్లో కిట్ కార్ అని ఒక సరదా ఉంది. కంపెనీ నుంచి పెట్టెల్లో విడిభాగాలు తెప్పించుకుని, పాత కారు నుంచి ఇంజను, ఇరుసులు ఊడదీసి, ఇంటి గరాజులో సొంతంగా స్పోర్ట్స్ కారు బిగించుకోవడం. ఎక్కువగా ఏదో ఒక పేరుమోసిన పాత కారుకి నకలు. యూట్యూబులో ఇలాంటి వీడియోలు చూసిన మన కుర్రాళ్ళు సాధారణంగా అనే మాట, 'మనవాళ్ళకి ఇలాంటి పిచ్చి ఉండదు' అని. నాకు మాత్రం ఆ కిట్ కారూ, యార్డు బయట ఉన్న లారీ దగ్గరి చుట్టాల్లా కనిపిస్తాయి. రెంటి చరిత్రా పక్కపక్కన పెట్టి చదివితే, మనకి లేనిది పిచ్చీ కాదు, పనితనమూ కాదు అని తేలుతుంది.

మోటారు కారు పుట్టిన తొలినాళ్ళలో అది ఒకే వస్తువు కాదు. గుర్రపుబండ్లు కట్టే కంపెనీలు అప్పటికే ఉన్నాయి కాబట్టి, ఇంజను చేసేవాడు చాసీ అమ్మేవాడు, బండి కట్టేవాడు దానిమీద బాడీ కట్టేవాడు. రెండో ప్రపంచయుద్ధం అయ్యేదాకా రోల్స్‌రాయిస్ కూడా చాసీలే అమ్మింది. దీనికి మన హైదరాబాదులోనే సాక్ష్యం ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తన ఊరేగింపుల కోసం పురమాయించిన పసుపుపచ్చ సిల్వర్ ఘోస్ట్ 1912 నాటిది. చాసీ రోల్స్‌రాయిస్‌ది. దానిమీద సింహాసనం లాంటి వెనక సీటు, ఎత్తయిన గుడారం లాంటి కప్పు లండన్లోని బార్కర్ కంపెనీ కట్టింది. బండి వచ్చేసరికి ఆయన లేడు, అది ఉస్మాన్ అలీ ఖాన్‌కి దక్కింది. అంటే నిజాం సింహాసనం కారూ, ఎనుమాముల మిర్చి లారీ ఒకే పద్ధతిలో పుట్టాయి. చాసీ ఒకరిది, బాడీ ఒకరిది.

ఈ విడివిడితనం వల్లే సామాన్యుడు కూడా కారు తయారీలో వేలు పెట్టగలిగాడు. 1948లో లండన్లో కోలిన్ చాప్‌మన్ అనే ఇంజనీరింగు విద్యార్థి, ప్రియురాలి ఇంటి వెనకాల గరాజులో ఒక పాత ఆస్టిన్ సెవెన్ విప్పి, దాని చాసీ మీద తేలికపాటి బాడీ కట్టుకుని పందేలకి వెళ్ళాడు. అదే మొదటి లోటస్. 1957లో ఆయన కంపెనీ తెచ్చిన లోటస్ సెవెన్‌కి తలుపులు కూడా లేవు. గొట్టాలతో అల్లిన చట్రం, పైన అల్యూమినియం రేకు, ఫోర్డు ఇంజను. బరువు మన అంబాసిడర్‌లో సగం కూడా ఉండదు.

దీన్ని విడిభాగాలుగా అమ్మడానికి కారణం సరదా కాదు, పన్ను. అప్పట్లో బ్రిటన్లో కొత్త కారు మీద పర్చేజ్ టాక్సు బాగా ఎక్కువ. విడిభాగాల మీద ఆ పన్ను లేదు. అయితే బిగించే విధానం రాసిన కాగితం కిట్‌తో పాటు ఇవ్వకూడదని నిబంధన. అందుకని చాప్‌మన్ విప్పే విధానం రాసిన కాగితం ఇచ్చేవాడనీ, కొన్నవాళ్ళు దాన్ని చివర్నుంచి మొదటికి చదువుకునేవాళ్ళనీ ఆ ప్రపంచంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1973 ఏప్రిల్లో పర్చేజ్ టాక్సు పోయి వ్యాట్ వచ్చింది. కిట్‌కి ఉన్న ఆ వెసులుబాటు పోయింది. ఆ ఏడాదే లోటస్, సెవెన్ హక్కుల్ని కేటర్‌హామ్ అనే డీలరుకి అమ్మేసింది. కేటర్‌హామ్ ఇప్పటికీ ఆ కారుని కిట్‌గా అమ్ముతూనే ఉంది. పన్ను కోసం మొదలైన పని పన్ను పోయాక కూడా ఆగలేదు, ఎందుకంటే అప్పటికి జనం చేతులు దానికి అలవాటు పడ్డాయి.

ఆ తర్వాత దాన్ని మరింత కిందికి దించింది ఒక పుస్తకం. ఔండల్ స్కూల్లో పాఠాలు చెప్పిన రాన్ ఛాంపియన్ 1996లో, 250 పౌండ్లకే సొంత స్పోర్ట్స్ కారు కట్టుకోవడం ఎలాగో చెబుతూ ఒక పుస్తకం రాశాడు. కిట్ కూడా కొనక్కర్లేదు. తుక్కు ధరకి ఒక పాత ఫోర్డ్ ఎస్కార్ట్, కొన్ని స్క్వేర్ పైపులు, ఒక వెల్డింగ్ మిషను. ఏ పైపు ఎంత పొడుగు కొయ్యాలి, ఏ కోణంలో అతకాలి అన్నీ అందులో ఉన్నాయి. లోటస్ పేరుని కాస్త తిప్పి వీటిని లోకాస్ట్ అన్నారు. చాలా దేశాల్లో జనం ఆ కొలతలతో కార్లు కట్టుకున్నారు. ఒక మేస్త్రీ చేతిలోని విద్య కాగితమ్మీదకి ఎక్కితే ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు.

ఇక మన కథ. 1951 నాటి పరిశ్రమల చట్టం తర్వాత మన దేశంలో కారు తయారు చేయాలంటే లైసెన్సు కావాలి. మహారాష్ట్రలోని ఇచల్‌కరంజిలో శంకర్‌రావ్ కులకర్ణి 1949లోనే ఒక చిన్న కారు నమూనా సొంతంగా కట్టాడు. దానికి మీరా అని పేరు పెట్టి 1970ల దాకా మెరుగుపెడుతూ వచ్చాడు. అనుమతుల దగ్గరే అది ఆగిపోయింది. ఢిల్లీలో గులాబీ బాగ్ షెడ్డులో కారు కట్టడానికి కూర్చున్న ఇంకో యువకుడికి మాత్రం 1970లో ఏడాదికి 50,000 కార్లు చేయడానికి లెటర్ ఆఫ్ ఇంటెంట్ దొరికింది. ఆయన పేరు సంజయ్ గాంధీ. మారుతి అనే పేరు మిగిలింది గానీ ఆయన కట్టాలనుకున్న కారు మాత్రం మార్కెట్లోకి రాలేదు. ఇద్దరిదీ షెడ్డే, తేడా అంతా కాగితం దగ్గర.

ఇందులో కుర్రకారుకి నచ్చే ఒక చిన్న ముచ్చట ఉంది. 1960ల్లో మన రోడ్ల మీద తిరిగిన మూడు కార్లలో అంబాసిడర్‌కీ, ఫియట్‌కీ బాడీ, చాసీ కలిసే ఉంటాయి. రేకే దాని ఎముక. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కి మాత్రం విడి చాసీ ఉంది. బోల్టులు విప్పితే బాడీ పైకి లేచి వస్తుంది. ఇంగ్లండులో ఇదే హెరాల్డ్ చాసీ మీద ఎన్నో కిట్ కార్లు కట్టారు. అంటే స్పోర్ట్స్ కారుకి కావలసిన అస్థిపంజరం మన వీధుల్లోనే తిరిగింది. దానిమీద కొత్త బాడీ ఎక్కించగల వెల్డర్లు అదే ఊళ్ళో ఉన్నారు. కానీ ఒకే ఒక్క కారు కోసం ఏళ్ళ తరబడి బుకింగు పెట్టుకుని ఎదురుచూసిన కాలంలో దాన్ని విప్పేసి చూద్దామనే ధైర్యం ఎవరికొస్తుంది?

ఆ పనితనం అందుకే బరువు బళ్ళవైపు పోయింది. 1932లో నిజాం రాష్ట్ర రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. అవి స్కాట్లండు ఆల్బియన్ కంపెనీవి. 1942లో హైదరాబాద్ ఆల్విన్ వచ్చాక, లేలాండ్ చాసీల మీద బస్సు బాడీలు, డబుల్ డెక్కర్లు కూడా ఇక్కడే కట్టారు. తర్వాతి కాలంలో ఫ్రిజ్ అనగానే ఆల్విన్ గుర్తొచ్చేది గానీ, ఒక తరం హైదరాబాదీలు ఆ కంపెనీ కట్టిన బస్సుల్లోనే కాలేజీకి వెళ్ళారు. 1980ల్లో జపాన్ కంపెనీల సాయంతో చిన్న లారీలు వచ్చాయి. మన రాష్ట్రంలో జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్, ఉత్తరాదిన డీసీఎం టయోటా. ఆ డీసీఎం కంపెనీ లారీలు ఎప్పుడో పోయాయి. తెలంగాణలో మాత్రం ఆ సైజు బండి ఏ కంపెనీదైనా సరే ఇప్పటికీ డీసీఎమ్మే. మిర్చి బస్తాలు దింపడానికి యార్డుకి వచ్చే రైతు నోట్లో ఒక పాత కంపెనీ చరిత్ర ఇలా బతికే ఉంది.

ఇప్పుడు చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం, 1989 కేంద్ర నియమాల ప్రకారం కొత్త రకం బండి ఏదైనా పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థల పరీక్ష దాటాలి. ఇది వేల బళ్ళు తయారుచేసే కంపెనీని మనసులో పెట్టుకుని రాసిన నియమం. ఇంట్లో ఒకే బండి కట్టుకునే మనిషి ఆ ఖర్చు మొయ్యలేడు. బ్రిటన్లో ఇలాంటి ఒంటరి బండి కోసం విడిగా ఒక పరీక్ష పెట్టారు. 1998 నుంచి ఒక పేరుతో, 2009 నుంచి ఇంకో పేరుతో అది నడుస్తోంది. ఇన్‌స్పెక్టరు ఆ ఒక్క కారునీ చూస్తాడు. బ్రేకులు, లైట్లు, సీటు బెల్టులు, పదునుగా పొడుచుకొచ్చిన అంచులు పరీక్షిస్తాడు. పాసయితే నంబరు వస్తుంది. మన దగ్గర ఆర్సీలో రాసిన రూపాన్ని మార్చడమే నేరం. చట్టంలోని 52వ సెక్షన్‌ని వివరిస్తూ 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చడం కుదరదని తేల్చింది.

2021 చివర్లో మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాకి చెందిన ఒక కమ్మరి, తుక్కు సామాన్లతో కిక్ కొడితే స్టార్టయ్యే జీపు కట్టిన వీడియో దేశమంతా తిరిగింది. ఆనంద్ మహీంద్రా మెచ్చుకున్నాడు. అదే మాటలో, నిబంధనలకి సరిపోదు కాబట్టి అధికారులు ఎప్పుడో ఒకప్పుడు ఆపేస్తారనీ, ఆ బండి తనకిస్తే బొలేరో ఇస్తాననీ అన్నాడు. 2022 జనవరిలో మార్పిడి జరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. అందులో మంచితనం ఉంది, కాదనను. కానీ ఆ మార్పిడిలో దాగిన తీర్పు ఏంటంటే, చేత్తో కట్టిన బండి చూడ్డానికి, నడపడానికి మాత్రం ఫ్యాక్టరీ బండి.

నియమాలన్నీ దండగ అని చెప్పడం నా ఉద్దేశం కాదు. చెక్కా రేకూ కలిపి కట్టిన క్యాబిన్ ఎదురుదెబ్బ తగిలితే డ్రైవరుని కాపాడదు. వేసవిలో పక్కనే ఇంజను వేడితో అది కొలిమి. 2025 నుంచి తయారయ్యే మధ్యరకం, భారీ లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారంటే, లారీ నడిపే మనిషి కోసం సంతోషించాల్సిందే. నా అభ్యంతరం వేరే. భద్రతని పరీక్షించడం ఒకటి, పరీక్షకి వచ్చే దారే మూసేయడం ఇంకొకటి. ఫ్యాక్టరీ క్యాబిన్లు పెరిగేకొద్దీ బాడీ మేస్త్రీకి మిగిలేది తొట్టి కట్టడం, డొక్కులు సాఫు చేయడం. బండి రూపాన్ని మనసులో కట్టుకోగలిగిన మనిషి రిపేరు మనిషి అవుతాడు. ఆయన కొలతలు ఏ పుస్తకంలోనూ లేవు. రాన్ ఛాంపియన్ రాసిన లాంటి పట్టిక లేదు. జానలూ మూరలూ, గురువు గారి తిట్లూ, శిష్యుడి చేతి మచ్చలూ, ఇవే ఆ విద్యకి గ్రంథం. ఆ చేతులు ఆగితే చదువుకోవడానికి ఏమీ మిగలదు.

ఒక మనిషి మాత్రం ఈ గోడకి పక్కదారి వెతికాడు. హైదరాబాద్ బహదూర్‌పురాలో జూపార్కు దగ్గర 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియం సృష్టికర్త కె. సుధాకర్, చిన్నప్పటి నుంచే తుక్కుతో బళ్ళు కడుతూ వచ్చాడు. బూటు, బర్గర్, కెమెరా, క్రికెట్ బ్యాట్, హ్యాండ్‌బ్యాగ్, స్నూకర్ బల్ల, అన్నిటి ఆకారంలోనూ కార్లు. అవి బొమ్మలు కావు, నడుస్తాయి. 2005 జులై 1న ఆయన హైదరాబాదులో తొక్కిన మూడు చక్రాల సైకిలు, 41 అడుగుల 7 అంగుళాల ఎత్తుతో గిన్నిస్‌కి ఎక్కింది. 1922 నాటి ఫోర్డ్ టూరర్‌కి 26 అడుగుల ఎత్తున నకలు కూడా కట్టాడు. కిట్ కారు మనిషి అసలు కొలతకి అంగుళం తేడా రాకుండా నకలు కట్టాలని తపిస్తాడు. సుధాకర్ కొలతని కావాలనే గాల్లోకి వదిలేశాడు. రోడ్డు మీద తిరగనక్కర్లేని బండికి రోడ్డు కొలతలు దేనికి?

మ్యూజియానికి వెళ్ళిన పిల్లలు బర్గర్ కారు ముందు నిలబడి నవ్వుతారు. నవ్వాలి కూడా. పెద్దవాళ్ళు ఇంకాస్త కిందికి వంగి, ఆ బర్గర్ కింద ఉన్న చట్రాన్ని, వెల్డింగ్ అతుకుల్ని చూస్తే బావుంటుంది. నంబర్ ప్లేటు దొరికే అవకాశం ఉండి ఉంటే అవే చేతులు ఏం కట్టేవో ఆలోచించడానికి ఆ అతుకులు చాలు.