తెర మీది కథ, ఖజానాలోని లెక్క

చరిత్రను ఆధారం చేసుకొని తీసిన సీరియళ్ళను, సినిమాలను చూసే మనవాళ్ళలో రెండు రకాలవారు కనిపిస్తారు. తెర మీద చూపినదంతా అట్లే జరిగిందని నమ్మి కళ్ళు తుడుచుకొనేవారు ఒక రకం. అంతా కట్టుకథేనని కండువా దులుపుకొని మధ్యలోనే లేచిపోయేవారు రెండో రకం. ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళ దుమ్ములో బ్రతికిన నావంటి గుమాస్తాకు ఈ రెండు పద్ధతులూ రుచించవు. కాగితం ఉన్నదా, ఉంటే అందులో అంకె ఎంత అని వెతకడం మనకు ఉద్యోగంతో అంటుకొని, రిటైరైనా వదలని జబ్బు. ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని సంఘం వారు అడిగినప్పుడు, ఆ జబ్బునే నలుగురితో పంచుకుందామనిపించింది.

ముందుగా దూరదేశపు సంగతి. ఈ మధ్య మన ఇళ్ళలో పిల్లలు రాత్రిళ్ళు నిద్ర మానుకొని చూస్తున్న వాటిలో 'ది లాస్ట్ కింగ్‌డమ్' అనే ఇంగ్లీషు సీరియల్ ఒకటి. ఇప్పటికి వెయ్యిన్ని నూరేళ్ళ కిందట, ఉత్తరపు సముద్రం దాటి ఓడల మీద వచ్చిన వైకింగులు ఇంగ్లండును కొల్లగొట్టిన కాలం నాటి కథ. బెర్నార్డ్ కార్న్‌వెల్ అనే రచయిత నవలలు దానికి మూలం. 2015 నుండి 2022 దాకా ఐదు భాగాలుగా, 46 ఎపిసోడ్లు వచ్చింది. ఆ పైన కథను ముగించడానికి 2023 ఏప్రిల్‌లో 'సెవెన్ కింగ్స్ మస్ట్ డై' అనే సినిమా తీశారు.

సీరియల్ అంతటినీ మెచ్చుకున్న మా మనవడు, వాడి స్నేహితులు సినిమా చూసి మూతి ముడుచుకున్నారు. ఏడేళ్ళు నింపాదిగా నడిపిన కథను రెండు గంటల్లోపల కుక్కేశారని ఒకడు, కిందటి భాగంలో మంచివాడుగా ఉన్న రాజును ఉన్నట్టుండి క్రూరుణ్ణి చేశారని ఇంకొకడు. చివర కథానాయకుడు చచ్చాడా, బ్రతికాడా తేల్చకుండా వదిలేశారని అందరూ. సద్దు విని నేనూ కళ్ళజోడు తగిలించుకొని ఆ సినిమా చూశాను. తరువాత నాలుగు పుస్తకాలు తిరగవేస్తే తేలిందేమంటే, అందులోని కథానాయకుడు ఊట్రెడ్ ఆ కాలపు మనిషే కాడు. ఆ పేరుగల బాంబరో ప్రభువు ఒకడు నిజంగా ఉన్నాడు గాని, అతడు 1016 ప్రాంతంలో చనిపోయాడు. కథ జరిగేది దానికి సుమారు నూరేళ్ళ ముందు. చివరి యుద్ధం మాత్రం నిజం. 937లో బ్రూనన్‌బర్ వద్ద జరిగింది. ఆనాటి వృత్తాంతంలోని పద్యం ఆ యుద్ధంలో ఐదుగురు రాజులు కూలారని లెక్క చెబుతుంది. సినిమా పేరులో ఏడుగురు. ఇద్దరు ఎక్కువ! ఆడిట్ వారైతే ఊరుకొనేవారు కాదు.

"అబ్బా, కథకు లెక్కలెందుకు? మన కడప పక్క ఇట్లాంటి కథ లేదా?" అన్నాడు మనవడు. ఎందుకు లేదు, నీవు చూసిందే గదా అన్నాను.

మన పక్క కథ తెర కెక్కడం కొత్త కాదు. 1990లో దూరదర్శన్‌లో 'ది స్వోర్డ్ ఆఫ్ టిప్పు సుల్తాన్' సీరియల్ వచ్చింది. ఒకరింట్లో టీవీ ఉంటే వీధి వీధంతా ఆ ఇంటి వసారాలో చాపలు పరుచుకొనే రోజులు. భగవాన్ గిద్వానీ నవల ఆధారంగా సంజయ్ ఖాన్ తీశాడు. దాని మీద అభ్యంతరాలు సుప్రీంకోర్టు దాకా పోయి, ఇది చరిత్ర కాదు కల్పన అని తెర మీద ప్రకటిస్తూ ప్రసారం చేసుకోవచ్చునని 1991లో తీర్పు వచ్చింది. హిందీ అక్షరాలు కూడబలుక్కోలేని మా వీధివారికి ఆ ప్రకటన ఏమి తెలుస్తుంది? టిప్పు తల్లి ఫక్రున్నీసా కడప కోట అధికారి మీర్ మొయినుద్దీన్ కూతురని నేను చెప్పిన నాటి నుండి మాత్రం, టిప్పు మా వాళ్ళకు మేనల్లుడైపోయాడు. ఆ హైదరు వంశమే మన కడప నవాబును సిద్ధవటంలో లొంగదీసి శ్రీరంగపట్టణం తోలుకొని పోయిందని కూడా చెప్పాను గాని, దాన్ని ఎవరూ చెవిన పెట్టలేదు. చుట్టరికం గుర్తుంటుంది, ఓటమి గుర్తుండదు.

ఇక అసలు సంగతి. 2019 అక్టోబరు 2వ తేదీన 'సైరా నరసింహారెడ్డి' విడుదలైంది. సురేందర్ రెడ్డి దర్శకత్వం, చిరంజీవి కథానాయకుడు, పరుచూరి సోదరుల కథ. ఆ వారంలోనే మేము ఏడుగురు పెన్షనర్లం ప్రొద్దుటూరు వెళ్ళి చూశాం. ఉరి ఘట్టంలో వెనుక వరుసల ఆడవాళ్ళు బాహాటంగా ఏడ్చారు. కుర్రకారు ఈలలకు మా చెవులు దిమ్మెక్కాయి. బయటికి వచ్చి టీ అంగడి దగ్గర నిలబడినాక మొదలైంది మా వాళ్ళ విమర్శ. కోయిలకుంట్లలో అంత పెద్ద కోట ఎప్పుడుండేదప్పా అని ఒకాయన. రేనాటి రెడ్డి నోట రేనాటి మాట ఒక్కటీ రాలేదే అని ఇంకొకాయన. ఝాన్సీ రాణి ఈ కథ చెప్పినట్టు పెట్టడమెందుకు, మన తిత్తి, తంబుర జంగాలు చెప్పలేదా అని మరొకాయన. ఈ చివరి మాటతో నేనూ ఏకీభవిస్తాను. రేనాటిలో ఈ కథను వందేళ్ళకు పైగా నిలిపినవారు పాటగాళ్ళే. సినిమా పేరు కూడా వారి పాటలోనిదే.

నేను అడిగింది వేరు. భరణం సంగతి ఏమైంది అన్నాను. సినిమాలో కరువు, శిస్తు, తెల్లవాడి దౌష్ట్యం నిండా ఉన్నాయి. అవి అబద్ధం కావు. కాని ఖజానా కాగితం దానికి ఇరుసు కాలేదు. ఆ కాగితం ఏమిటో పెన్షనర్లమైన మనం తెలుసుకోవాలి.

1800లో నిజాము మన జిల్లాలను కంపెనీకి దత్తం చేశాడు. కలెక్టరుగా వచ్చిన మన్రో, దత్త మండలాల్లోని సుమారు 80 మంది పాలెగాళ్ళ కోటలు, పరివారం తీసివేసి, లొంగినవారికి నెలసరి భరణం ఏర్పాటు చేశాడు. పాలెం పోయి పెన్షన్ వచ్చిందన్నమాట. ఉయ్యాలవాడ వారికి కుదిరింది నెలకు 70 రూపాయలు. వారసత్వంలో అది సగమై 35 రూపాయలు నరసింహారెడ్డి తండ్రికి దక్కింది. ఆ 35ను ముగ్గురు అన్నదమ్ములు పంచుకోగా నరసింహారెడ్డి వంతు 11 రూపాయల 10 అణాల 8 పైలు. మిత్రులు పెన్సిలు తీసి వేసి చూడండి: రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. 35ను మూడుతో భాగిస్తే పై కూడా తేడా లేకుండా సరిగ్గా అంతే వస్తుంది. పంచిపెట్టిన గుమాస్తా ఎవరో గాని లెక్కలో గట్టివాడు. తాతగారైన నొస్సం జయరామిరెడ్డి కాలం చేశాక ఆ ఇంటి భరణమూ ఆగిపోయింది.

మనకు డి.ఏ. పెరుగుతుంది, ఆలస్యమైనా వస్తుంది. వాళ్ళకు తరం తరానికీ వాటా విరిగేదే గాని పెరిగేది లేదు. కోటలో కూర్చొని కప్పం పుచ్చుకొన్న ఇంటి మనుమడు నెలకు పన్నెండు రూపాయలకు తక్కువ మొత్తం కోసం ఖజానాకు మనిషిని పంపవలసి వచ్చింది. జనంలో నిలిచిన కథ ఇది: 1846 జూన్‌లో ఆ భరణం తెమ్మని పంపిన మనిషిని కోయిలకుంట్ల తహసీలుదారు తిట్టి, రెడ్డి తానే స్వయంగా వచ్చి తీసుకోవాలని పంపేశాడట. స్వయంగా రావాలి! బ్రతికే ఉన్నామని చూపించుకోవడానికి ఏటేటా సబ్ ట్రెజరీ మెట్లెక్కినవారికి ఈ మాటలోని వేడి వేరే చెప్పనక్కరలేదు. ఇప్పుడు వేలిముద్రతో ఇంటి దగ్గరే పని జరుగుతున్నది, అది వేరే సంగతి.

జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది. తహసీలుదారు హతుడయ్యాడు. పట్టుకుపోయిన సొమ్ము 805 రూపాయల 10 అణాల 4 పైలని ప్రచారంలో ఉన్న లెక్క. నాకున్న జబ్బు కొద్దీ దాన్నీ భాగించి చూశాను. నరసింహారెడ్డి భరణం 69 నెలలది సరిగ్గా 805 రూపాయలు, పైన అణాలు మిగిలాయి. కాకతాళీయమే, అంతకు మించి అర్థం తీయవద్దు. అక్టోబరు 6న పేరుసోమల కొండ దగ్గర పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో రెండు వేల మందికి పైగా చూస్తుండగా ఉరి తీశారు. తలను కోట గుమ్మానికి 1877 దాకా వ్రేలాడదీశారంటారు. అప్పట్లో కోయిలకుంట్ల తాలూకా మన కడప కలెక్టరు కిందిదే. సినిమాలో కనిపించే కాక్రేన్ దొర కడప కలెక్టరే.

టీ అంగడి దగ్గర ఈ భరణం మాట ఎత్తగానే మాలో ఒకాయనకు కోపం వచ్చింది. ఆయన రిటైర్డు టీచరు, నాకంటే రెండేళ్ళు పెద్ద. "ఏందప్పా, వీరుణ్ణి పట్టుకొని పెన్షన్ కోసం తిరగబడినాడంటావా? తెల్లోళ్ళు రాసిపెట్టింది అదే గదా, భరణం చాలక బందిపోటైనాడని. నువ్వూ అదే పాట పాడతావా?" అన్నాడు. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. దొరల కాగితాలకు దొరల అవసరాలు ఉంటాయి. తిరుగుబాటును సొంత తగాదాగా చూపితే సర్కారు తప్పు కనిపించదు.

కాని ఆ కాగితాల్లోనే ఇంకో సంగతి ఉన్నది. నరసింహారెడ్డి ఒక్కడే అయితే తగాదా అనుకోవచ్చు. దాదాపు వెయ్యి మంది మీద వారంట్లు ఎందుకు పుట్టాయి? వారిలో 412 మందిని కేసు లేకుండా వదిలి, 273 మందిని జామీను మీద పంపి, 112 మందికి శిక్షలు వేశారు. వీరిలో ఎక్కువ మంది కట్టుబడివారు. ఊరి కావలి కాసినందుకు తరతరాలుగా ఇనాము భూములు అనుభవించినవారు. ఒకడు చనిపోతే వాడి ఇనామును కొడుక్కు ఇవ్వకుండా సర్కారులో కలుపుకోవడం కంపెనీ మొదలుపెట్టింది. ఆ ఇనాము వాళ్ళ పెన్షన్. రెడ్డిది నగదు, వాళ్ళది చేను. రెండూ ఒకే కలం పోటుతో పోతున్నాయి. అందుకే పిలవగానే వెంట వచ్చారు.

నేను ఆ టీచరుగారితో అన్నది ఇదే. పెన్షన్ కోసం అంటే చిన్నతనమని మనకెందుకు తోచాలి? 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ దయాభిక్ష కాదు, హక్కు అని తేల్చింది. ఆ తేదీని ఏటా పండుగ చేసుకొనేది మనమే. మన విషయంలో హక్కైనది నరసింహారెడ్డి విషయంలో కక్కుర్తి ఎట్లా అవుతుంది? తన ఇల్లు, తన ఊళ్ళు తీసుకొని బదులుగా ఇస్తామన్న సొమ్ము అది. దాన్ని అవమానంతో కలిపి ఇవ్వబోతే కాదన్నాడు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "సినిమావోడు పదకొండు రూపాయలు చూపిస్తే ఎవరు ఈల వేస్తారులే" అన్నాడు. అదీ నిజమే. ఆ పూట టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు.

సినిమా వల్ల మేలు జరగలేదనను. 2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. మన పిల్లలకు రేనాడు అంటే ఏదో తెలిసింది. అదే ఉయ్యాలవాడలో పుట్టి 1866 కరువులో వేలమందికి గంజి పోసిన బుడ్డా వెంగళరెడ్డి పేరు ఎంతమంది పిల్లలు విన్నారో అడిగి చూడండి. కత్తి పట్టినవాడికి దొరికే తెర గరిటె పట్టినవాడికి దొరకదు.

మా మనవడికి ఇదంతా చెబితే, ఆ పదకొండు రూపాయల లెక్క ఫోనులో వేసి చూసుకొని, "సరిగ్గానే ఉంది అబ్బా" అన్నాడు. కోయిలకుంట్ల చూపించమని అడిగాడు. ఇప్పుడది నంద్యాల జిల్లాలో ఉన్నా మనకు దూరమేమీ కాదు. చెన్నూరు నుండి మైదుకూరు, దువ్వూరు, చాగలమర్రి, ఆళ్ళగడ్డ మీదుగా ఉయ్యాలవాడ, అక్కడి నుండి కోయిలకుంట్ల. తిరుగు దారిలో నొస్సం చూసుకొని జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా వస్తే పొద్దుగూకేసరికి ఇంట్లో ఉండవచ్చు. చలికాలంలో ఒక ఆదివారం వ్యాను మాట్లాడుదామనుకొంటున్నాము. మోకాళ్ళు సహకరించేవారు, మనవళ్ళను, మనవరాళ్ళను వెంట తెచ్చేవారు వచ్చే నెల సమావేశంలో పేర్లు ఇవ్వగలరు. భోజనం ఎవరి క్యారియరు వారిదే.