బడి భోజనంలో ఉడికిన కోడిగుడ్డు

దక్షిణ భారతదేశంలో బడి భోజనం తొలుత ఆకలి తీర్చి పిల్లలను చదువు వైపు రప్పించే సాధనంగానే రూపొందింది. 1920లో మద్రాసు నగరపాలక సంస్థ థౌజండ్ లైట్స్ పాఠశాలలో పెట్టిన ఫలహారానికీ, 1950లలో కామరాజ్ ప్రభుత్వం విస్తరించిన మధ్యాహ్న భోజనానికీ లక్ష్యం అదే. 1982లో ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వం పౌష్టికాహార పథకాన్ని ప్రారంభించాక, కడుపు నిండడంతో పాటు ఆహారపు నాణ్యత కూడా చర్చలోకి వచ్చింది. తమిళనాడు 1989లో పక్షానికొకటిగా మొదలుపెట్టిన గుడ్డు 1998లో వారానికొకటై, 2010 నాటికి వారానికి ఐదైంది.

ఈ పెరుగుదలకు పౌష్టిక కారణం స్పష్టమే. మాంసకృత్తులకు మూలద్రవ్యాలైన ఎమైనో ఆమ్లాలలో లైసిన్ అనేది బియ్యంలో తక్కువ. పప్పు ఆ లోటును పూడ్చగలదు గాని, ఖర్చు తగ్గించుకోవలసి వచ్చినప్పుడు మొదట పలుచబడేది పప్పే. యాభై గ్రాముల గుడ్డులో శరీరానికి అవసరమైన ఎమైనో ఆమ్లాలన్నీ గల మాంసకృత్తులు దాదాపు 6 గ్రాములు ఉంటాయి. మొక్కల నుంచి వచ్చే ఆహారంలో సహజంగా దొరకని బి12 విటమిన్‌తో పాటు ఎ, డి విటమిన్లు పచ్చసొనలో లభిస్తాయి. అయితే పీచు, సి విటమిన్ గుడ్డులో లేవు, అందులోని ఇనుము ఒంటికి పట్టేదీ తక్కువే కనుక ఆకుకూరలకు, పండ్లకు అది ప్రత్యామ్నాయం కాదు.

ఉడికించడానికీ కారణాలున్నాయి. పచ్చి తెల్లసొనలోని అవిడిన్ అనే పదార్థం బయోటిన్ విటమిన్‌ను ఒంటికి పట్టనివ్వదు. వేడి దాని శక్తిని తగ్గించి, మాంసకృత్తులు సులువుగా జీర్ణమయ్యేటట్లు చేస్తుంది. నూనె ఖర్చు లేదు. నీళ్లలో వేసినప్పుడు పైకి తేలిన గుడ్డును పాతదని పక్కన పెట్టి, మిగిలినవి గుండిగలో ఉడికించి, చన్నీళ్లలో వేసి పెంకు ఒలిస్తే వంట ముగుస్తుంది. అన్నింటికీ మించి, పప్పును పలుచన చేసినట్లు గుడ్డును పలుచన చేయడం సాధ్యం కాదు. ఎవరి వంతు ఎవరికి అందిందో పిల్లవాడు సైతం లెక్కపెట్టి చెప్పగలడు.

సరఫరా వైపు మార్పులూ దీనికి తోడయ్యాయి. ధర నిర్ణయం దళారుల చేతిలో ఉండగా, బి.వి. రావు నాయకత్వంలో కోళ్ల రైతులు 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘంగా ఏర్పడి తమ ధరను తామే ప్రకటించుకోసాగారు. నామక్కల్, గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలు ఏడాది పొడవునా గుడ్లు అందించగలగడంతో ప్రభుత్వాలకు పెద్దయెత్తున కొనుగోలు సాధ్యమైంది. తెలంగాణ 2015లో ఆరోగ్యలక్ష్మి ద్వారా గర్భిణులకు, బాలింతలకు భోజనంతో పాటు రోజూ గుడ్డు ఇవ్వసాగగా, ఆంధ్రప్రదేశ్ 2020లో బడి పిల్లలకు వారానికి ఐదు గుడ్లు నిర్దేశించింది. పథకాల పేర్లు ప్రభుత్వాలతో పాటు మారుతున్నా గుడ్డు నిలిచిపోవడానికి దాని పోషక విలువతో పాటు, వడ్డనలో జరిగే లోపాన్ని దాచనివ్వని ఆ లక్షణమూ కారణమే.